సొంతిల్లు అమ్మి రెండు గదుల అద్దింటికి వచ్చాం, ఎవరికీ ఇమడడం లేదు

ప్రశ్న: మాది ఖమ్మం. మామయ్యగారు కట్టించిన ఇల్లు, నాలుగు గదులు, ముందు వసారా, వెనక పెరడు. మా ఆయన దుకాణం దెబ్బతిని, అప్పులు తీర్చడానికి ఆ ఇల్లు అమ్మేశాం. జూన్‌లో హైదరాబాద్ వచ్చి నిజాంపేట వైపు డబుల్ బెడ్రూం ఫ్లాట్‌లో 18 వేల అద్దెకు ఉంటున్నాం. అత్తమ్మకు 70 ఏళ్లు, పాపకు 14, బాబుకు 9. పిల్లలిద్దరూ చిన్న గదిలో పడుకుంటారు, అత్తమ్మ హాల్లో దివాన్ మీద. మా ఆయన రాత్రి పదకొండు దాకా అక్కడే టీవీ చూస్తారు. అత్తమ్మ రోజూ “ఇదీ ఒక ఇల్లేనా” అంటారు, వంటింట్లో నా వెనకే నిలబడి ప్రతిదానికీ వంక పెడతారు. పాప ముభావంగా ఉంటోంది, స్నేహితులను ఇంటికి రానివ్వదు. సగం సామాను ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంది. తీసేద్దామంటే అత్తమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఇంకో తొమ్మిది వేలు పోసి మూడు బెడ్రూంల ఇంటికి మారదామని మా ఆయన అంటున్నారు. మారమంటారా?
— ఒక సోదరి

జవాబు: మారాలా వద్దా అన్నది తరవాత చూద్దాం. ముందు మంచాలు మార్చండి.

మీ అత్తమ్మకు ఇప్పుడు ఇంట్లో తనదనే చోటు లేదు. టీవీ ఆపేదాకా పడుకోలేరు, పొద్దున ఎవరో ఒకరు హాల్లోకి రాగానే లేవక తప్పదు. అలా నాలుగు నెలలు సరిగా నిద్రపోని మనిషి పప్పులో ఉప్పు గురించి గొడవ పడితే అది ఉప్పు గొడవ కాదు. అటు పాప బట్టలు మార్చుకోవడానికి కూడా తమ్ముణ్ని బయటికి పంపాల్సిన వయసులో ఉంది. కాబట్టి చిన్న గది అత్తమ్మకు, పాపకు ఇవ్వండి. బాబు దివాన్ మీద పడుకుంటాడు. ఆ వయసు పిల్లలకు హాల్లో పడక ఒక సరదా, పైగా వాడి బట్టలూ పుస్తకాలూ దివాన్ కింద అరలోనే సర్దేయొచ్చు. బాబును మీ గదిలోకి తెచ్చుకోవాలనిపిస్తుంది, వద్దు. భార్యాభర్తలకు తలుపు వేసుకుని మాట్లాడుకునే చోటు లేకపోతే అప్పుల మాటలు, మనసులో చిరాకులు అన్నీ వంటింట్లో, అందరి ముందూ బయటపడతాయి.

ఇలాంటి ఫ్లాట్లలో చిన్న గది తరచుగా పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉంటుంది. మీదీ అంతేనా అని టేపుతో కొలవండి. డబుల్ కాట్ వేస్తే ఆ గది మంచానికే సరిపోతుంది. మూడడుగుల సింగిల్ మంచాలు రెండు, తలలు ఒకే గోడ వైపు పెట్టి వేయండి. మంచాలకు ఆరడుగులు పోగా నాలుగడుగులు మిగులుతుంది. మధ్యలో రెండున్నర అడుగుల దారి వదిలి, మిగతాది గోడల పక్కన వదిలేయండి. మంచం పొడవు ఆరుంబావు అడుగులు, కాబట్టి కాళ్ల వైపు మూడుముప్పావు అడుగులు ఉంటుంది. అక్కడ ఇనప బీరువా పెడితే దాని లోతు అడుగున్నర పైచిలుకు, ముందు సుమారు రెండడుగుల ఖాళీ మిగులుతుంది. తలుపు తెరిచి ఒక మనిషి నిలబడడానికి సరిగ్గా సరిపోతుంది, అంతకన్నా తగ్గితే రోజూ మోకాలు కొట్టుకుంటుంది. గది తలుపు ఎటు తెరుచుకుంటుందో చూసుకునే బీరువా పెట్టండి. చాలామంది గది కొలుస్తారు గానీ తలుపు తిరిగే మేర కొలవడం మర్చిపోతారు. బీరువాను గోడకు పూర్తిగా ఆనించకండి, రెండంగుళాలు వదలండి. బయటి గోడ అయితే వానాకాలం చెమ్మ పట్టి వెనక రేకు తుప్పు పడుతుంది, లోపల పట్టుచీరలకు బూజు వాసన వస్తుంది.

అత్తమ్మ మంచం తలుపుకు దగ్గరగా ఉన్న వైపు వేయండి. రాత్రి బాత్‌రూంకి లేచినప్పుడు దారిలో ఏదీ తగలకూడదు. మంచం మీద కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి, పరుపుతో కలిపి సుమారు 18 నుంచి 20 అంగుళాల ఎత్తు ఉంటే లేవడం తేలిక. దారిలో చిన్న నైట్‌ల్యాంప్, బాత్‌రూం గుమ్మం దగ్గర జారని మ్యాట్ పెట్టండి. కమోడ్ పక్కన గోడకు పట్టుకునే కడ్డీ బిగించాలంటే ఓనర్‌ను అడగండి, వాట్సాప్‌లో రాసి అడిగి ఆ జవాబు దాచుకోండి, ఖాళీ చేసేటప్పుడు రంధ్రాల పేచీ రాదు. టైల్స్‌కు అతుక్కునే రబ్బరు కప్పుల కడ్డీలు కొనకండి. మనిషి బరువు పడినప్పుడు ఊడి వస్తాయి.

చిన్న ఇంట్లో గోడలు పెంచలేం, గంటలు పంచుకోగలం. మీ ఇంటికి కావలసింది ఇదే. టీవీ సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా అత్తమ్మ సీరియళ్లకు. తొమ్మిదిన్నరకు హాల్లో దీపం ఆరాలి, బాబు పడుకుంటాడు. ఆ తరవాత మీ ఆయన వార్తలు చూడాలంటే మీ గదిలో ఫోన్లో, ఇయర్‌ఫోన్‌తో. ఇది ఆయనకు కష్టంగానే ఉంటుంది. ఇంట్లో అందరూ ఏదో ఒకటి వదులుకున్నారు, ఆయన వంతు ఇది. పాప చదువు సీరియళ్ల వేళ గదిలో, ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింటి దాకా హాల్లోని డైనింగ్ టేబుల్ దగ్గర, ఆ తరవాత గదిలో వంగే మెడ ఉన్న టేబుల్ ల్యాంప్, వెలుగు పుస్తకం మీదే పడేట్టు. ట్యూబ్‌లైట్ వేస్తే అవ్వకు నిద్ర పట్టదు, అవ్వ మూలిగితే పాపకు చదువు సాగదు.

పాపకు ఇంకొకటి కావాలి. రోజూ సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఆ గది ఆమె ఒక్కదానిదే, తలుపు వేసుకోవచ్చు, ఎవరూ తట్టకూడదు. అదే వేళకు అత్తమ్మ కిందికి వెళ్లి బెంచీ మీద కూర్చునేలా చూడండి. బీరువాలో తాళం వేసుకునే ఒక అర కూడా పాపకివ్వండి. స్నేహితులను పిలవడం గురించి ఒత్తిడి చేయకండి. ఆమె ఇల్లు చూసి సిగ్గుపడడం లేదు, “మీరు ఎందుకు వచ్చేశారు” అని అడిగితే ఏం చెప్పాలో తెలియక వెనకాడుతూ ఉండవచ్చు. దుకాణం దెబ్బతిన్న సంగతి పిల్లలకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. పద్నాలుగేళ్ల పిల్లకు చెప్పకపోయినా తెలుస్తుంది, తెలిసింది పైకి అనకూడదని కూడా తెలుస్తుంది. మీ ఆయనే చెప్పాలి, మీరు పక్కన ఉండాలి. దుకాణంలో నష్టం వచ్చింది, ఇల్లు అమ్మి బాకీలు కట్టాం, ఇప్పుడు జీతంతో ఇల్లు గడుస్తోంది, మీ చదువుల డబ్బు ఫలానా చోట ఉంది. ఇంతే, పది నిమిషాల మాట. ఎవరు మోసం చేశారు, ఏ బంధువు ఆదుకోలేదు అన్నవి పిల్లల ముందు ఎత్తకండి.

వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లు తిరగడానికి చోటు లేనప్పుడు వేళలు విడదీయండి. పొద్దున ఎనిమిది దాకా టిఫిన్లు, డబ్బాలు మీవి. పది తరవాత పప్పో పులుసో, పచ్చళ్లు, పిండివంటలు అత్తమ్మవి, అప్పుడు మీరు లోపలికి వెళ్లకండి, వెళ్లినా వంక పెట్టకండి. ఆమెకు ఖమ్మంలో కత్తిపీట ముందు కూర్చుని తరిగే అలవాటు ఉండి ఉంటుంది, ఇక్కడ గట్టు ముందు నిలబడలేరు. హాల్లో బాల్కనీ తలుపు దగ్గర తక్కువ ఎత్తు పీట, కూరగాయల బుట్ట పెట్టండి. అదే ఆమె చోటు అవుతుంది, మీ వెనక నిలబడడం దానంతట అదే తగ్గుతుంది. గ్యాస్ విషయంలో మాత్రం ఒకటి: చోటు లేదని సిలిండర్‌ను గాలి ఆడని అరలో పెట్టి తలుపు మూయకండి. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. నారింజ రంగు పైపు మీద ఉన్న తేదీ చూసి, ఐదేళ్లు దాటితే మార్చండి. ఫ్రిజ్, గ్రైండర్, ఇస్త్రీపెట్టె ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించకండి. అద్దె ఇళ్లలో వంటింటి ప్లగ్గులు తక్కువని అందరూ చేసే పనే, బాక్సు కాలి వాసన వచ్చేదాకా ఎవరూ పట్టించుకోరు.

ఇక అట్టపెట్టెలు. ఆర్నెల్లు వాడనిది పారేయమని చెప్పే సలహా మన ఇళ్లకు పనికిరాదు. సంక్రాంతి అరిసెల మూకుడు, వ్రతం పీట, పెద్ద గుండిగలు ఏడాదికోసారే దిగుతాయి. ఇక్కడ కావలసిన నియమం వేరు: ఎవరి వస్తువు గురించి వాళ్లే తేల్చాలి. అత్తమ్మ సామాను మీరు తీయకూడదు, పక్కన పెట్టకూడదు, ఆమె నిద్రపోతున్నప్పుడు కిందికి దించి పాత సామాను వాడికి ఇవ్వనే కూడదు. ఆమెకు బీరువాలో రెండరలు, సజ్జ మీద సగం ఇచ్చి, “ఇందులో పట్టినవన్నీ మీ ఇష్టం అత్తమ్మా” అనండి. పట్టనివి ఏవో ఆమే చెబుతారు, రోజుకొక పెట్టె చొప్పున. ఒకేరోజు అన్నీ తెరిస్తే సాయంత్రానికి అన్నీ మళ్లీ పెట్టెల్లోకే పోతాయి. ఆమె వదలడానికి ఒప్పుకున్నవి ముందు ఆడపడుచులకు, దగ్గరివాళ్లకు ఇవ్వనివ్వండి. ఇత్తడి బిందె కూతురింట్లో ఉంటే పోయినట్టు కాదు, తూకానికి వెళ్తే పోయినట్టే. సజ్జ మీద తేలికవి పెట్టండి: బొంతలు, స్టీలు డబ్బాలు. గ్రైండర్, రోలు పైకి ఎక్కించకండి, దించేటప్పుడే నడుములు పడతాయి. ప్రతి పెట్టె మీదా లోపలేముందో మార్కర్‌తో రాయండి. బియ్యం 25 కిలోల బస్తాకు బదులు పది కిలోలవి కొంటే ధర కాస్త ఎక్కువ పడినా మూలన పురుగు పట్టదు, బస్తా స్థలం మిగులుతుంది.

ఆ సామాను చూసి ఆమె ఏడవడానికి కారణం ఇత్తడి మీద మమకారం ఒక్కటే కాదని మీకూ తెలుసు. ఆ ఇల్లు ఆమె భర్త కట్టించింది. అమ్మేటప్పుడు ఆమె సంతకం తీసుకుని ఉంటారు, అభిప్రాయం అడిగారో లేదో. మీ ఆయన ఒకసారి తల్లి పక్కన కూర్చుని “నాన్న కట్టిన ఇల్లు నిలబెట్టలేకపోయానమ్మా” అనాలి. కొడుకు నోట ఆ మాట రానంతకాలం, కోడలి వంటలో ఉప్పు ఎక్కువగానే ఉంటుంది. ఈ పని మీరు ఆయన తరఫున చేయలేరు. బతుకమ్మ రోజులు దగ్గరపడుతున్నాయి. తంగేడు, గునుగు వరసలు పేర్చడం, పాట అందుకోవడం మీ అపార్ట్‌మెంట్‌లో ఎంతమందికి వచ్చో, ఆమెకు మాత్రం వచ్చే ఉంటుంది. భర్త లేదని ఎవరైనా ముఖం తిప్పితే పట్టించుకోకుండా మీరే ఆమెను ముందు కూర్చోబెట్టండి. ఇన్ని చేసినా రెండు వారాలకు మించి తిండి తగ్గి, నిద్ర లేక, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే డాక్టరుకు చూపించండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ ఉంది, 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీరు రాయలేదు గానీ, ఆసుపత్రి పనులకూ ఇంటర్వ్యూలకూ ఖమ్మం చుట్టాలు వస్తూనే ఉంటారు. మడిచే పరుపు ఒకటి మీ మంచం కింద ఉంచండి. ఒకరికి, రెండు రాత్రులకు అది చాలు. అంతకు మించితే ముందే ఫోన్లో చెప్పేయడం మర్యాద తప్పడం కాదు.

ఇప్పుడు మారే సంగతి. తొమ్మిది వేలు ఎక్కువంటే ఏడాదికి 1,08,000. రెండు నెలల అడ్వాన్స్ లెక్కన కొత్త ఓనర్‌కు 54 వేలు కట్టాలి, మీకు తిరిగొచ్చే 36 వేలలో పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం హైదరాబాద్‌లో మామూలే. లారీ, కూలీలు, కొత్త కర్టెన్లు వేరు. మొదటి ఏడాదికి లక్షన్నర దాకా వెళ్తుంది, ఇల్లమ్మి అప్పు తీర్చిన కుటుంబానికి ఇది మళ్లీ అప్పే. మధ్యలో పిల్లల బడి ఉంది. మీ అగ్రిమెంట్ పదకొండు నెలలదైతే ఏప్రిల్, మే నాటికి ముగుస్తుంది, బడులకు సెలవులూ అప్పుడే. అందాకా ఆ తొమ్మిది వేలను నెలనెలా వేరే ఖాతాలో వేయండి. ఆర్నెల్లు ఆగకుండా వేయగలిగితే పెద్ద ఇంటి అద్దె మీ జీతం మోయగలదని తెలుస్తుంది, చేతిలో 54 వేలూ ఉంటాయి. రెండో నెలకే అందులోంచి తీయాల్సి వస్తే మాత్రం ఇంకో ఏడాది ఇక్కడే.