నీరసమని సెలైన్ ఎక్కించే ముందు కాలు నొక్కి చూడండి

"మా అమ్మకి 64 ఏళ్ళు. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. నీళ్ళు బాగా తాగితే వాపు దిగుతుందని కొందరు, నీళ్ళు తగ్గించమని కొందరు అంటున్నారు. ఏది నిజం?" అని అడిగారు.

నీళ్ళ సంగతి తర్వాత చెప్తాను. ఎవరైనా "నీరసంగా ఉంది కదా, ఓ సెలైన్ ఎక్కిద్దాం" అంటే మాత్రం, గుండె, కిడ్నీల సంగతి డాక్టరు చూడకుండా ఒప్పుకోకండి. మా నాన్న విషయంలో నేను ఒప్పుకున్నాను.

మేముండేది చెన్నై పెరంబూరులో. నాన్న ఇక్కడి రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యారు. గుండెపోటు వచ్చినప్పటి నుంచి గుండె పంపింగ్ తక్కువే. అది మే నెల, కత్తిరి ఎండలు. ఒంగోలు నుంచి మేనత్త కొత్తావకాయ జాడీ పంపింది. రెండు పూటలా ముద్దపప్పు, ఆవకాయ. దానికి దాహం, ఆ దాహానికి చెంబులకొద్దీ మజ్జిగ. పది రోజులకి నీరసం, అన్నం సయించలేదు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఎండదెబ్బ అనుకున్నాం. దగ్గర్లో ఉన్న చిన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్తే బీపీ చూసి రెండు బాటిళ్ళు ఎక్కించి పంపేశారు. ఆయన కాళ్ళ వైపు ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

రాత్రి ఒంటిగంటకి పిలిచారు. "అమ్మాయ్, ఇంకో దిండు వెయ్యవే." అప్పటికే తల కింద రెండున్నాయి. మూడోది వేశాను. పది నిమిషాలకి లేచి మంచం అంచున కూర్చున్నారు, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి. పడుకుంటే ఊపిరాడటం లేదట. గాలి పీల్చినప్పుడల్లా ఛాతీలో ఎసరు మరిగినట్టు గుడగుడ. 108కి ఫోన్ చేశాం.

పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరమ్మ ఆయన మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి తీశారు. చపాతీ పిండిలో వేలు దిగినట్టు గుంట పడింది, పూడలేదు. ఒంట్లో నీరు పట్టిందని, అది ఊపిరితిత్తుల్లోకీ చేరిందని అన్నారు. ఆక్సిజన్ పెట్టి, ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపే లాసిక్స్ ఇంజెక్షన్ ఇచ్చి, యూరిన్ బ్యాగు తగిలించారు. నేను ఆ బ్యాగు మీది గీతలు చూస్తూ కూర్చున్నాను. తెల్లారేసరికి రెండున్నర లీటర్లు దిగింది. ఆరింటికి నాన్న వెనక్కి వాలి నిద్రపోయారు.

సెలైన్ అంటే ఉప్పునీళ్ళు. అర లీటరు బాటిల్లో 4.5 గ్రాముల ఉప్పుంటుంది. పెద్దవాళ్ళు రోజు మొత్తం మీద 5 గ్రాముల లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా నాన్నకి ఒక్క సాయంత్రంలో 9 గ్రాములు ఎక్కించారు. అందులో ఒక్క కేలరీ లేదు, ఓపిక ఎక్కడినుంచి వస్తుంది? ఎక్కించినదాంట్లో సుమారు నాలుగో వంతే రక్తనాళాల్లో నిలుస్తుంది, మిగతాది ఒంట్లోకి ఊరిపోతుంది. మామూలు మనిషికైతే కిడ్నీలు తోడేస్తాయి. గుండె బలహీనంగా ఉంటే కిడ్నీలకి రక్తం తక్కువ అందుతుంది. ఒంట్లో నీళ్ళు చాలట్లేదనుకుని అవి ఉప్పునీ నీటినీ ఇంకా పట్టి ఉంచుతాయి. వాంతులు, విరేచనాలు అయినవాళ్ళకి సెలైన్ ప్రాణం పోస్తుంది, కాదనను. నీరసానికి టానిక్కులా ఎక్కించడమే నాకు మంట.

అందుకే మీ ప్రశ్నకి నా జవాబు: ముందు ఉప్పు. ఉప్పు తగ్గించకుండా నీళ్ళు తగ్గించమంటే నాలుక పిడచకట్టుకుపోతుంది, ఎవరూ తట్టుకోలేరు. నాన్నకి డాక్టరు రోజుకు లీటరున్నర అన్నారు. కాఫీ, రసం, మజ్జిగ అన్నీ అందులోకే వస్తాయి. పక్కింటావిడ "బార్లీ నీళ్ళు పట్టించండి, నీరు లాగేస్తుంది" అంటూనే ఉంటుంది. గ్లాసు బార్లీ నీళ్ళంటే గ్లాసు నీళ్ళే కదండీ! ఇక అందరూ రోజుకు నాలుగు లీటర్లు తాగాలనే వాట్సాప్ మెసేజ్‌లు. ఎవరి గుండె ఎలా ఉందో, ఎవరి కిడ్నీ ఎలా ఉందో ఆ మెసేజ్ పంపినవాళ్ళకి తెలుసా?

బీపీ మిషన్ కంటే ముందు బరువు తూచే మిషన్ కొనండి. లీటరు నీరంటే కిలో బరువు. రోజూ పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, కాఫీ తాగకముందు నాన్న మిషన్ ఎక్కుతారు, అమ్మ క్యాలెండర్ మీద రాస్తుంది. మొన్న దీపావళికి మూడు రోజుల్లో 61.2 నుంచి 63.4 అయింది. జంతికలు. కాళ్ళ వాపు ఇంకా కంటికి కనబడలేదు, ఆయాసం లేదు. వెంటనే డాక్టరుకి ఫోన్ చేస్తే నాలుగు రోజులు ఒంట్లో నీరు తీసే మాత్ర పెంచారు. ఆసుపత్రి గడప తొక్కకుండానే తగ్గింది. ఆ మాత్ర మీరు సొంతంగా మెడికల్ షాపులో కొని వేసెయ్యకండి, పొటాషియం పడిపోతుంది.

మీ అమ్మగారిది గుండె వల్ల వచ్చిన వాపే అని నేననను. కిడ్నీ, లివర్, థైరాయిడ్, దేనివల్లైనా కావచ్చు. బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్ వల్ల కూడా పాదాలు వాస్తాయి, అది నీళ్ళు తగ్గించినా తగ్గదు. ఆవిడ ఏ మాత్ర వేసుకుంటున్నారో, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారో చూసి వాళ్ళ డాక్టరుకి చెప్పండి. పడుకుంటే ఆయాసం వస్తుంటే రేపటి దాకా ఆగొద్దు, ఇప్పుడే బయల్దేరండి.