గే అని దాచకుండా ఇండియన్ ఆర్మీలో ఉద్యోగం చేయొచ్చా?

గే సంబంధాలను నేరంగా చూసిన ఐపీసీ 377వ సెక్షన్ పోయింది కదా అని ధీమాగా చేయొచ్చని చెప్పలేం. ఒకే లింగానికి చెందిన వయోజనులు ఇష్టపూర్వకంగా లైంగిక సంబంధం పెట్టుకోవడం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తేల్చింది. సైనికులకు మాత్రం 1950 నాటి ఆర్మీ చట్టం ఉంది. దాని 46(ఎ) సెక్షన్ కింద 'అసహజమైన' సిగ్గుమాలిన ప్రవర్తనకు కోర్టు మార్షల్ ఏడేళ్ల దాకా జైలుశిక్ష వేయొచ్చు. సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే వీలు రాజ్యాంగం 33వ అధికరణంలోనే ఉంది. గే సంబంధాలను ఆర్మీలో అనుమతించబోమని 2019 జనవరిలో అప్పటి చీఫ్ బిపిన్ రావత్ కూడా చెప్పేశారు.

ట్రాన్స్ వాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. విశాఖలో పనిచేస్తున్న ఒక నేవీ ఉద్యోగి లింగమార్పిడి సర్జరీ చేయించుకుంటే 2017లో సర్వీసు నుంచి తీసేశారు. పనిలో లోపమేమీ లేకుండా అలా పంపేయడం నా దృష్టిలో అన్యాయమే. ఆమె ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది.