గడ్డుకాలంలో సంస్థ విలువలు

ప్రశ్న: పలాసలోని ఒక జీడిపప్పు పరిశ్రమలో లెక్కలు రాస్తుంటాను. గిరాకీ తగ్గడంతో, కార్మికుల జీతాల్లో మినహాయించిన పీఎఫ్ సొమ్మును కొన్నాళ్లు కట్టవద్దనీ, 240 రకం డబ్బాల్లో కొంత 320 పప్పు కలపమనీ యజమాని అంటున్నారు. ఇలాంటి రోజుల్లో అంత పట్టింపు అవసరమా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అవసరమేనండి, మామూలు రోజులకన్నా ఎక్కువగా. జీతంలో మినహాయించిన వాటా కార్మికుల సొంత సొమ్ము. మరుసటి నెల 15వ తేదీలోగా జమ చేయకపోతే వడ్డీ, నష్టపరిహారంతోపాటు క్రిమినల్ కేసు కూడా ఎదురుకావచ్చు. పొద్దుటినుంచి పొట్టు తీసే మహిళకు రేపు వైద్యానికి అక్కరకు రావలసిన డబ్బుతో సంస్థ నష్టాన్ని పూడ్చుకోవడం సర్దుబాటు కాదు, అన్యాయం.

ఇక కల్తీ సంగతి. 240 రకమంటే పౌనుకు (సుమారు 454 గ్రాములకు) 220 నుంచి 240 గుండుపప్పులు, 320 అంటే 300 నుంచి 320, అంటే పప్పు చిన్నది. కొన్నవారు ఒక పౌను తూచి లెక్కపెడితే చాలు, గుట్టు బయటపడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం జీడితోటలను కూల్చినప్పుడు కూడా పలాస సరుకుకు మిగిలిన ఆస్తి, చెప్పిన రకమే డబ్బాలో ఉంటుందన్న నమ్మకమే. లెక్కల్లో మొదట స్వల్పంగా ఉన్న తేడా ఏటా పెరిగి అదుపు తప్పిందని సత్యం కంప్యూటర్స్ అధిపతి 2009 జనవరిలో లేఖ రాసి ఒప్పుకున్న విషయాన్ని మీ యజమానికి గుర్తుచేయండి.

దారులు లేకపోలేదు. మీది ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం కొనుగోలుదారులు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే చక్రవడ్డీ అడగవచ్చు. ముందు ఆ బకాయిల జాబితా తయారుచేసి, రుణ వాయిదాల సవరణకు బ్యాంకును అడగమని చెప్పండి. తప్పుడు లెక్కల మీద మాత్రం సంతకం చేయకండి. మీ అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.