ల్యాబ్ బిల్డింగ్ గీయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: కావలిలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. బొమ్మలు బాగా వేస్తుంది. ఆసుపత్రుల ల్యాబ్‌లు డిజైన్ చేస్తానంటోంది. సివిల్ ఇంజనీరింగ్‌లో చేర్చమంటున్నాడు మా అన్నయ్య. ఏది నయం?

జవాబు: అమ్మా, సివిల్ మంచి చదువే. కాకపోతే అక్కడ ఎక్కువ పని పిల్లర్లు, స్లాబుల లెక్కల మీద. ఏ గది పక్కన ఏ గది రావాలో తేల్చేది ఆర్కిటెక్ట్. దానికి 5 ఏళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ, బీఆర్క్ చదవాలి. ఎంపీసీ కాబట్టి ఇబ్బంది లేదు. ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటాతో పాటు జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ కూడా రాయించండి. విజయవాడ ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో సీటుకి ఆ పేపరే దారి. అందులో డ్రాయింగ్‌తో పాటు లెక్కలూ ఉంటాయి, వదిలేయొద్దని చెప్పండి.

ల్యాబ్ డిజైన్ అంటే ఏంటో పీసీఆర్ ల్యాబ్ (డీఎన్‌ఏని కోట్ల కాపీలు చేసి జబ్బు పట్టే చోటు) చూస్తే తెలుస్తుంది. రీయేజెంట్లు (పరీక్షకి వాడే రసాయనాలు) కలిపే గది, శాంపిల్‌లోంచి డీఎన్‌ఏ తీసే గది, కాపీలు చేసే మిషన్ గది వేర్వేరుగా ఉండాలి. మిషన్ గదిలో వేసుకున్న గౌనుతో మొదటి గదిలోకి రాకూడదు. మిషన్ గదిలో కోట్ల కాపీలైన డీఎన్‌ఏ రవ్వంత వచ్చి రీయేజెంట్లలో పడినా, జబ్బు లేనివాళ్లకి పాజిటివ్ చూపిస్తుంది. అందుకే రీయేజెంట్ల గదిలో గాలి ఒత్తిడి ఎక్కువగా, మిషన్ గదిలో తక్కువగా ఉంచుతారు. టీబీ క్రిములను పెంచి చూసే కల్చర్ గదిలోనూ ఒత్తిడి తక్కువే, గాలి బయటి నుంచి లోపలికే రావాలి, వదిలేటప్పుడు క్రిములను పట్టేసే హెపా ఫిల్టర్ దాటాలి.

ఈ గాలి లెక్కలు వేసేది మాత్రం మెకానికల్ ఇంజనీర్. పాపకి బొమ్మల కన్నా ఫిజిక్స్ మీదే మక్కువైతే, మెకానికల్ చదివి ఏసీ డిజైన్ వైపు వెళ్లినా ఇదే పనిలో ఉంటుంది. మీ అన్నయ్య ఈ మాట అనుంటే నేనూ ఒప్పుకునేవాణ్ణి!

పరీక్షలయ్యాక పైవాళ్ల అనుమతితో మీ ల్యాబ్ ప్లాన్ గీయించండి. రక్తం తీసే కుర్చీ నుంచి సెంట్రిఫ్యూజ్ (రక్తాన్ని తిప్పి వేరు చేసే మిషన్), అనలైజర్ (పరీక్ష చేసే మిషన్), రిపోర్టు, చివరికి వ్యర్థాల సంచి దాకా శాంపిల్ నడిచే దారి గీత గీయమనండి. గీతలు ఎక్కడ అడ్డం పడుతున్నాయి, ఏసీ గాలి బయోసేఫ్టీ క్యాబినెట్ (క్రిములు బయటికి రాకుండా పనిచేసే పెట్టె) ముందుకి కొడుతోందా, ఫ్రిజ్ తలుపు తీస్తే దారి మూసుకుపోతోందా? ఇవి మీకు రోజూ అనుభవమే, పక్కన కూర్చుని చెప్పండి. విసుగు లేకుండా రెండోసారి గీస్తే బీఆర్క్‌కి పంపొచ్చు.

డిగ్రీ చేతికి రాగానే ల్యాబ్ పనులే దొరుకుతాయని అనుకోవద్దు. మొదట్లో ఇళ్లు, స్కూళ్లు గీయాల్సి రావచ్చు. తర్వాత ఢిల్లీ జామియా మిలియాలో హెల్త్‌కేర్ ఆర్కిటెక్చర్‌లో ఎంఆర్క్ (పీజీ) ఉంది. ఏ కాలేజీ అయినా కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ గుర్తింపు చూశాకే ఫీజు కట్టండి.