వర్చువల్ మెషీన్ల కోసం రూట్ వాల్యూమ్‌ను కుదించడం ఎలా?

కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లను నడిపే వ్యవస్థ) సర్వర్‌లో, ఎల్‌వీఎం (డిస్కు చోటును వాల్యూమ్‌లుగా పంచే లినక్స్ పద్ధతి) పై ఉన్న 400 జీబీ రూట్ వాల్యూమ్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే భాగాన్ని) 100 జీబీకి కుదించి, మిగిలిన చోటును వర్చువల్ మెషీన్లకు ఇవ్వవచ్చా అన్నది ప్రశ్న. ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే విధానం) ఈఎక్స్‌టీ4 రకం అయి, అందులోని డేటా 95 జీబీకి బాగా తక్కువగా ఉంటే ఇవ్వవచ్చు. ఎక్స్‌ఎఫ్ఎస్ అనే మరో రకం అయితే, ఆచరణలో దాన్ని పెంచడమే గానీ కుదించడం ఉండదు గనుక, బ్యాకప్ తీసి కొత్తగా ఫార్మాట్ చేసుకోవలసిందే.

ఈఎక్స్‌టీ4ను కూడా మౌంట్ అయి (సిస్టమ్ వాడుకలో) ఉండగా కుదించలేము కాబట్టి, బ్యాకప్ తీసుకున్నాక (అది వేరే డిస్కులో ఉండాలి సుమా) సర్వర్‌ను లైవ్ యూఎస్‌బీతో (డిస్కుతో పని లేకుండా నేరుగా నడిచే లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో) బూట్ చేసి, ‘ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్’తో తనిఖీ చేయాలి. ముందు ‘రీసైజ్2ఎఫ్ఎస్’తో ఫైల్ సిస్టమ్‌ను 95 జీబీకి, ఆ తరువాతే ‘ఎల్‌వీరెడ్యూస్’తో వాల్యూమ్‌ను 100 జీబీకి తగ్గించాలి, ఈ వరుస తారుమారైతే ఫైల్ సిస్టమ్ చివరి భాగం తెగిపోయి డేటా పాడవుతుంది. తరువాత సైజు ఇవ్వకుండా ‘రీసైజ్2ఎఫ్ఎస్’ను మరోసారి నడిపితే, వదిలిన 5 జీబీ కూడా కలిసిపోతుంది.