నాన్న పంపిన డబ్బుకి పుట్టుపూర్వోత్తరాలు అడిగితే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డాలస్ దగ్గర ఇల్లు ఖాయం చేసుకున్నారు. ఊళ్ళో పొలం అమ్మి నాన్నగారు డౌన్ పేమెంట్‌కి 40 లక్షలు పంపుతానన్నారు, బావగారు ఇంకో 8 లక్షలు సర్దుతానన్నారు. పొలం కొనేవాడు కొంత బ్యాంకులో, కొంత క్యాష్‌గా ఇస్తానంటున్నాడు. లోన్ ఆఫీసరేమో "ఈ డబ్బు ఎక్కడిది, కాగితాలు పెట్టండి" అంటున్నాడు. 2024 మొదట్లో మేం పడ్డ పాట్లు సరిగ్గా ఇవే. కాకపోతే మాది గుంటూరు జిల్లా, అమ్మింది నా పసుపు కుంకుమ కింద అనుకున్న పొలం.

ముందు ఆ క్యాష్ సంగతి. మిగతావన్నీ ఆలస్యంగానైనా సర్దుకోవచ్చు, ఇది మాత్రం కుదరదు. మా పొలానికి 45 లక్షలకి బేరం కుదిరింది. కొనేవాడు దస్తావేజులో 28 లక్షలు రాయిద్దాం, మిగతాది చేతికిస్తా అన్నాడు. స్టాంపు డ్యూటీ కలిసొస్తుందని వాడి లెక్క. నాన్న రిటైరైన టీచరు, ఇలాంటి వాటికి భయపడతారు, ఒప్పుకోలేదు. అప్పుడు నాకు కొంచెం విసుగే వచ్చింది, బేరం చెడుతుందేమోనని. ఇప్పుడు తల్చుకుంటే, ఆ 17 లక్షలు క్యాష్‌గా వచ్చుంటే సముద్రం దాటేవే కావు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదు తీసుకుంటే అంత మొత్తమూ పెనాల్టీ వేయొచ్చన్న నిబంధన ఇండియాలో 2015 నుంచీ ఉంది. అది పక్కనపెట్టినా, దస్తావేజులో లేని డబ్బు మీ నాన్నగారి ఖాతాలో ఎలా పడిందో ఇక్కడి అండర్‌రైటర్‌కి, అంటే లెండర్ తరఫున లోన్ కాగితాలు పరిశీలించే మనిషికి, ఏ కాగితం చూపిస్తారు?

ఇక టీసీఎస్, అంటే విదేశాలకి పంపే డబ్బు మీద బ్యాంకు ముందే పట్టుకునే పన్ను. దీని గురించి మాకు ఎవరూ చెప్పలేదు. నాన్న బ్యాంకుకి వెళ్ళి మొత్తం పంపమంటే, 7 లక్షలు దాటినదాని మీద 20 శాతం పట్టుకోవాలన్నారు. పంపే డబ్బుకి అదనంగా కట్టాలి. ఖాతాలో ఉన్నవే 45 లక్షలు. అందులోంచి దాదాపు 6.3 లక్షలు టీసీఎస్‌కి పోయి, బయల్దేరింది 38.6 లక్షలు. 20 శాతం కడదామనుకున్న డౌన్ పేమెంటు 18 దగ్గర ఆగింది. పన్ను రిటర్న్ వేస్తే ఆ డబ్బు వెనక్కొస్తుంది, కానీ డబ్బు కట్టి ఇల్లు మన పేరున మార్చుకునే క్లోజింగ్ తేదీ రిటర్న్ కోసం ఆగదుగా. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 10 లక్షలైంది. అంటే మీ 40 లక్షలు చేరాలంటే నాన్నగారి ఖాతాలో 46 లక్షలుండాలి, బ్యాంకు చార్జీలు కాక. ఈ హద్దు మనిషికి ఒకటి. అమ్మగారికి సొంతంగా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే ఆమె పేరున 10 లక్షల వరకు విడిగా పంపొచ్చు, టీసీఎస్ పడదు. అయితే ఆమెది వేరే గిఫ్ట్ లెటర్ (ఈ డబ్బు బహుమతేనని దాత రాసిచ్చే ఉత్తరం), వేరే స్టేట్‌మెంట్లు.

మా అసలు తలనొప్పి ఇక్కడే మొదలైంది. డబ్బు తగ్గిందని నాన్న బాబాయికి చెప్పారు. బాబాయి అప్పుడే యార్డులో మిర్చి అమ్మి వచ్చాడు. ఒక్క మాట అడక్కుండా 6 లక్షలు తీసుకెళ్ళి నాన్న ఖాతాలో క్యాష్ కట్టేశాడు. ప్రేమే, కాదనను. వారం తర్వాత మా అండర్‌రైటర్ ఆ ఒక్క ఎంట్రీ చుట్టూ పసుపు రంగు పూసి పంపింది: ఇదేమిటి? బాబాయి తక్‌పట్టీలు, అంటే యార్డులో మిర్చి అమ్మినందుకు ఇచ్చే చీటీలు, ఫొటో తీసి పంపాడు. అవి బాబాయి పేరున ఉన్నాయి, డబ్బేమో నాన్న ఖాతాలో ఉంది. అంటే బాబాయి కూడా దాత అవుతాడు, లేదా నాన్న అప్పు చేసినట్టవుతుంది. అంత అప్పు నగదుగా తీసుకున్నందుకు ఊళ్ళో ఆడిటర్ చేత తిట్లు అదనం. చివరికి ఆ 6 లక్షలు బ్యాంకు ద్వారానే బాబాయికి తిరిగి పంపేశాం, 18 శాతంతోనే లోన్ తీసుకున్నాం. 20 తగ్గింది కాబట్టి పీఎంఐ (లెండరు కోసం మనం నెలనెలా కట్టే బీమా) పడింది. అసలు తీరుస్తూ పోయి, లోన్ ఇంటి ధరలో 80 శాతానికి దిగాక తీసేయమని అడగొచ్చు. బాబాయి మాత్రం నొచ్చుకున్నాడు, "నా డబ్బు చెల్లదా అమ్మా" అని.

అందుకే మీ బావగారి 8 లక్షల గురించి మొహమాటం లేకుండా చెబుతున్నా. బావ అన్న చుట్టరికం ఫరవాలేదు, పెళ్ళి వల్ల ఏర్పడ్డ బంధువులూ మామూలు లోన్‌లో దాతలు కావచ్చు. కానీ మీరే రాశారు, "తర్వాత మెల్లగా ఇచ్చేస్తాను" అని. అది చేబదులు. గిఫ్ట్ లెటర్‌లో ఉండే ముఖ్యమైన వాక్యమే ఈ డబ్బు తిరిగి ఇవ్వక్కర్లేదని. అబద్ధమని తెలిసీ లోన్ కాగితాల మీద సంతకం పెట్టడం ఇక్కడ ఫెడరల్ నేరం. దాన్ని అప్పుగానే లెండరుకి చెప్పండి, లేదా వదిలేయండి.

గిఫ్ట్ లెటర్ చిన్నదే: దాత పేరు, చిరునామా, ఫోను, మీతో బంధుత్వం, మొత్తం, తిరిగి ఇవ్వక్కర్లేదన్న మాట, సంతకాలు. నాన్నకి దాని పేరే నచ్చలేదు. "గిఫ్టేంటి తల్లీ, నీ పసుపు కుంకుమ నీకిస్తే" అన్నారు. పొలం పాస్‌పుస్తకం ఆయన పేరునే ఉంది కాబట్టి కాగితం మీద అది గిఫ్టే అని నచ్చజెప్పేసరికి అరగంట పట్టింది. మేం తొందరపడి ముందే 46,400 డాలర్లని రాసి సంతకాలు పెట్టించాం. మధ్యలో ఏదో బ్యాంకు 25 డాలర్లు కోసుకుంది, వచ్చింది 46,375. మళ్ళీ లెటర్, మళ్ళీ సంతకం. డబ్బు మీ ఖాతాలో పడ్డాకే అంకె రాయండి.

ఆ లెటరూ, డబ్బు బదిలీ అయిన రుజువూ చూసి సరిపెట్టుకునే లెండర్లు ఉన్నారు. మా వాళ్ళు సరిపెట్టుకోలేదు. నాన్న రెండు నెలల స్టేట్‌మెంట్, రిజిస్టర్ దస్తావేజు, డబ్బు విదేశానికి పంపినట్టు బ్యాంకు ఇచ్చే స్విఫ్ట్ కాపీ అడిగారు. దస్తావేజు తెలుగులో ఉంది, ఇంగ్లీషులోకి మార్చి, అనువాదం సరైనదేనన్న ధ్రువపత్రం జోడించాలి. తూర్పు పంట కాలువ, పడమర ఫలానా వారి చేను అని హద్దులన్నీ ఇంగ్లీషులో చదువుతుంటే నవ్వొచ్చింది గానీ, "ఎకరం 12 సెంట్లు" దగ్గర అండర్‌రైటర్ ఆగిపోయింది. పన్నెండు సెంట్లంటే డబ్బనుకుంది. సెంటంటే ఎకరంలో నూరో వంతని ఒక ఉత్తరం రాసిచ్చాను. అది ఇప్పటికీ మా లోన్ ఫైల్లో ఉండే ఉంటుంది.

పేర్లు కూడా సరిచూసుకోండి. నాన్న పేరు బ్యాంకులో ఇంటిపేరు పొడి అక్షరంతో, దస్తావేజులో పూర్తి ఇంటిపేరుతో ఉంది. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ చేయించడానికి నాలుగు రోజులు పోయాయి.

పన్ను గురించి కూడా అడిగారు. కన్నవాళ్ళిచ్చిన డబ్బు మీద మీకు రెండు చోట్లా పన్ను లేదు. కానీ విదేశాల్లోని వాళ్ళ నుంచి ఏడాదిలో వచ్చినవి లక్ష డాలర్లు దాటితే ఇక్కడ పన్నుల శాఖకి ఫారం 3520 వేయాలి. అమ్మ, నాన్న పంపినవి కలిపే లెక్క. వేయకపోతే నెలకి 5 శాతం చొప్పున 25 శాతం దాకా పెనాల్టీ ఉంది. మీ మొత్తం ఆ దరిదాపుల్లో లేదు గానీ, ఇదే ఏడాది ఇంకేమైనా తెప్పించుకుంటే గుర్తుపెట్టుకోండి.

రిజిస్ట్రేషన్ వచ్చే వారమన్నారు కదా. ఈ రాత్రే నాన్నగారికి ఫోన్ చేసి, దస్తావేజులో పూర్తి ధర రాయించమనండి, డబ్బంతా ఆయన ఒక్క ఖాతాలోకే ఆర్టీజీఎస్ చేయించమనండి. లోన్ అయ్యేదాకా అందులో ఇంకెవరూ ఒక్క రూపాయి కూడా వేయొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి, ముఖ్యంగా బాబాయిలకి.