మిద్దె తోటకీ మామిడి చెట్లకీ ఒకే మడత కత్తి చాలుతుందా?

మీరు అడిగింది ఇదీ: తిరుపతిలో మిద్దె మీద నలభై కుండీలు, చిత్తూరు దగ్గర మీ ఊర్లో ఏడు మామిడి చెట్లు. ఎప్పుడూ జేబులో ఉండేలా ఒక మంచి మడత కత్తి కావాలి, వీలైతే అంట్లు కట్టడానికి కూడా అదే పనికి రావాలి. ఆన్‌లైన్‌లో వందల రకాలు చూసి తల తిరుగుతోందని రాశారు. నాకూ పదేళ్ల కిందట అలాగే తిరిగింది. మూడు కత్తులు కొని, ఒక వేలు కోసుకుని, ఒకటి పోగొట్టుకున్నాక కాస్త తెలివి వచ్చింది. అందుకే రాస్తున్నా.

రెండు పనులకూ ఒకే కత్తి అనే ఆశ ముందు వదిలేయండి. జేబు కత్తి వేరు, అంటు కత్తి వేరు. ఎందుకో కిందికి వచ్చాక చెబుతా.

నా మొదటి కత్తి పది రకాల పరికరాలు ఒకే పిడిలో ఇమిడిన రకం. చెంచా, సీసా మూత తీసేది, చిన్న రంపం, అన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే, తెరిచిన బ్లేడు అక్కడే నిలిచేలా పట్టి ఉంచే లాకు. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఇటుక మీది ప్లాస్టిక్ చింపుదామని మొనతో పొడిచాను. మొన లోపల ఇరుక్కుంది, నా చెయ్యి ముందుకు జారింది, బ్లేడు వెనక్కి మడుచుకుని చూపుడు వేలి మీద పడింది. నాలుగు కుట్లు. ఇంటికొచ్చాక మా ఆవిడ వంటింటి కత్తిపీట వైపు చూపించి, "పాతికేళ్లుగా దీని ముందు కూర్చుంటున్నా, నాకు ఒక్క కుట్టు పడలేదు" అంది. నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి బ్రాండు, ధర, ఉక్కు పేరు చూసే ముందు లాకు చూడండి. ఎక్కువగా దొరికేది పిడి లోపలి సన్న రేకు పక్కకు జరిగి బ్లేడు మడమకు ఆనుకునే రకం. పిడి వెన్ను మీద నొక్కితే వదిలే రకం ఇంకోటి. రెండూ మంచివే, కానీ మన ఎర్రమట్టి సన్నగా లోపలికి దూరి గట్టిపడితే రేకు పూర్తిగా జరగదు, లాకు పడిందని మనం అనుకుంటాం, పడి ఉండదు. నెలకోసారి పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, కుట్టు మిషన్ నూనె ఒక చుక్క వేస్తే చాలు. షాపులో కొనేటప్పుడు కత్తి తెరిచి బ్లేడును అటూ ఇటూ కదిపి చూడండి. పంటిలా ఊగితే అక్కడే పెట్టేసి రండి.

మూడో రకం లాకు ఫ్రాన్సులో తయారయ్యే ఒపినెల్ కత్తిది. ఇప్పుడు నేను వాడుతున్నది అదే, ఎనిమిదో నంబరు. బ్లేడు 8.5 సెంటీమీటర్లు, పిడి బీచ్ చెక్క. బ్లేడు మొదట్లో ఒక ఇనుప కంకణం ఉంటుంది, దాన్ని తిప్పితే బ్లేడు కదలదు. 1890లో ఒక కమ్మరి కొడుకు మొదలుపెట్టిన కత్తికి ఈ కంకణం 1955లో చేరింది. చూడ్డానికి బొమ్మలా ఉంటుంది, బరువే తెలియదు. దీని లోపం ఒకటి ముందే తెలుసుకోండి. చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ రోజుల్లో తడి చేత్తో వాడి జేబులో వేసుకుంటే మర్నాడు బ్లేడు గోరుతో లాగినా బయటికి రాదు. ఎండలో పెట్టకండి, చెక్క పగులుతుంది. నీడలో ఒక రోజు ఆరనిస్తే దానంతట అదే సర్దుకుంటుంది. వానాకాలమంతా తడిలోనే పని ఉంటుందంటే ప్లాస్టిక్ పిడి ఉన్న వేరే కత్తి మేలు.

ఇక ఉక్కు. స్టెయిన్‌లెస్సా, కార్బనా అని అడిగారు. మీకు మామిడి చెట్లున్నాయి కాబట్టి ఇది నిజంగానే ఆలోచించాల్సిన విషయం. మామిడి సొన చర్మాన్ని కాల్చేంత ఘాటు. కార్బన్ ఉక్కుకు తగిలితే నిమిషాల్లో నల్లబడుతుంది, తుడవకుండా మడిస్తే మర్నాటికి తుప్పు. నిమ్మకాయ కోసినా అంతే. కానీ సానరాయి మీద పది నిమిషాల్లో కార్బన్ ఉక్కుకు వచ్చే పదును స్టెయిన్‌లెస్‌కు రావాలంటే ఇంకాస్త ఓపిక కావాలి. నా మొదటి ఒపినెల్ కార్బన్, రెండోది స్టెయిన్‌లెస్. మీకూ స్టెయిన్‌లెస్సే చెబుతాను. తోటలో పని మధ్యలో ఎవరో పిలుస్తారు, కత్తి మడిచి జేబులో వేసుకుని వెళ్లిపోతాం, తుడవడం గుర్తుండదు. కార్బన్ కొన్నా పర్వాలేదు, నల్లబడితే మాత్రం పీచుతో తోమి తెల్లగా చేయకండి. ఆ నలుపు తుప్పు కాదు, తుప్పును కొంత ఆపే పొర.

బ్లేడు ఆకారం తిన్నగా ఉన్నదే తీసుకోండి. కొడవలిలా వంపు తిరిగిన చిన్న కత్తులు తోటపనికని అమ్ముతారు. పూలగుత్తులు, తీగలు లాగి కోయడానికి హాయిగానే ఉంటాయి, కానీ ఇంట్లో ఉండే పలక సానరాయి మీద ఆ వంపుకు పదును పెట్టడం మన వల్ల కాదు. మొద్దుబారాక డ్రాయరులో పడి ఉంటాయి. నా రెండో కత్తి ఇప్పుడు అక్కడే ఉంది.

పదును గురించి కొంచెం ఎక్కువ చెబుతా, ఎందుకంటే అందరూ కొనేదాకా వంద వీడియోలు చూసి, కొన్నాక రాయి కొనరు. ఒక పక్క గరుకుగా, ఒక పక్క నున్నగా ఉన్న సానరాయి ఒకటి తీసుకోండి, ఇనుప సామాన్ల షాపులో దొరుకుతుంది. ఎంత వాలుగా పట్టాలో తెలియకపోతే ఒక చదరపు కాగితం మూలను రెండుసార్లు సగానికి మడవండి. తొంభై సగం నలభై ఐదు, దాని సగం ఇరవై రెండున్నర. ఆ మూలను రాయి మీద నిలబెట్టి, బ్లేడును అంతే వాలులో పట్టుకుని చూస్తే చేతికి అలవాటవుతుంది. తర్వాత పాత తోలు బెల్టు మీద వెనక్కి నాలుగు లాగులు. పండిన టమాటా మీద కత్తి ఊరికే ఆనించి లాగితే తోలు తెగాలి. నొక్కాల్సి వస్తే ఇంకా పని ఉన్నట్టే. వీధిలో సైకిల్ చక్రం తిప్పుతూ సాన పట్టేవాళ్లకు కొడవళ్లు ఇవ్వండి, ఈ సన్న బ్లేడు ఇవ్వకండి. నిప్పురవ్వలు లేచేంత వేడికి అంచు నీలంగా మారితే ఆ మేరకు ఉక్కు మెత్తబడిపోయినట్టే, మళ్లీ పదును నిలవదు.

అంట్ల సంగతి. కొత్త ఒపినెల్ కొన్న ఏడాది ఆగస్టులో, ఊర్లో బేనిషా (బంగినపల్లి మామిడి) అంట్లు కట్టడానికి ఒక పెద్దాయనను పిలిచాం. నేను గొప్పగా నా కత్తి అందించాను. ఆయన దాంతో పుల్ల మీద వేలెడంత ఏటవాలు కోత కోసి, దాన్ని ఇంకో కోతకు ఆనించి, సూర్యుడి వైపు పట్టి చూపించాడు. "మధ్యలో వెలుతురు కనపడతా ఉంది చూడు సార్. ఇట్ల సందు ఉంటే అంటు పట్టదు. ఇది పండ్లు కోసుకునే కత్తి." ఆయనది పాత హ్యాక్సా బ్లేడు అరగదీసి, సైకిల్ ట్యూబు చుట్టుకున్న కత్తి. ఒక పక్కే పదును, రెండో పక్క అద్దంలా పలక. దాంతో కోస్తే సందు లేదు.

మామూలు కత్తికి రెండు పక్కలా వాలు ఉంటుంది కాబట్టి చెక్కలో దిగేటప్పుడు దారి తప్పుతుంది, కోత లోపలికి గుంటలా వస్తుంది. ఒక పక్క పలకగా ఉంటే ఆ పలక చెక్కను ఆనుకునే సాగుతుంది, కోత చదునుగా వస్తుంది. బెరడు కింది పచ్చటి పొర రెండు ముక్కల్లోనూ ఒకదానికొకటి ఆనితేనే అంటు బతుకుతుంది కదా. టెంకె మొలకల మీద లేత అంట్లయితే చాలామంది సగం విరిచిన షేవింగ్ బ్లేడుతోనే కోసేస్తారు. మీ ఏడు చెట్లకు అదీ చాలు. లేదంటే అంటు కత్తి అని అడిగి, మడత లేనిదైనా సరే, ఒక పక్క పదునున్నది కొనండి. మీది ఎడమ చేతివాటమైతే షాపువాడికి ముందే చెప్పండి. మా ఆవిడది ఎడమ చెయ్యి, గులాబీలకు కన్ను అంటు ఆమే కడుతుంది. కుడిచేతి కత్తి ఆమె చేతిలో ప్రతిసారీ చెక్క లోపలికి దిగబడేది. ఎడమచేతి వాలు ఉన్నది తెప్పించాక ఆ పోట్లాట తీరింది.

అంటు కత్తిని అంట్లకే ఉంచండి, డ్రిప్ పైపు కోయడానికీ, యూరియా బస్తా విప్పడానికీ జేబు కత్తి ఉంది. పెన్సిలు కంటే లావైన కొమ్మకు మాత్రం ఏ కత్తీ వద్దు, కొమ్మలు కత్తిరించే కత్తెర వాడండి. నిమ్మ చెట్టు ఉంటే ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్లేముందు బ్లేడును స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. గజ్జి తెగులు మన చేతులూ కత్తుల ద్వారా కూడా నడుచుకుంటూ వెళుతుంది. బ్లీచింగ్ నీళ్లు వద్దు, ఉక్కును తినేస్తాయి.

పోలీసులు పట్టుకుంటారా అని కూడా అడిగారు. ఆయుధాల నిబంధనల్లో లైసెన్సు మాట వచ్చేది బ్లేడు 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్నప్పుడు. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి అందులోంచి మినహాయింపు. మూడున్నర అంగుళాల మడత కత్తికి టెన్షన్ అక్కర్లేదు. (మచ్చుకత్తి బండికి తగిలించుకుని శేషాచలం అడవి పక్క రోడ్లలో తిరిగితే మాత్రం ఎర్రచందనం గురించి నాలుగు ప్రశ్నలు వేస్తే ఆశ్చర్యపోకండి.) రేణిగుంట నుంచి విమానం ఎక్కితే చేతి సంచిలో వద్దు, లోపల వేసే పెట్టెలో పెట్టండి. కొండకు వెళ్లేటప్పుడు ఇంట్లో వదిలేయండి. నేను ఒకసారి అలిపిరి తనిఖీ వరుసలో నిలబడ్డాక జేబు తడుముకుని, మళ్లీ పార్కింగ్ దాకా నడిచి, స్కూటర్ డిక్కీలో పెట్టి వచ్చాను. ఆ లోపు మా వాళ్లు నన్ను వదిలేసి మెట్లెక్కేశారు.

పోగొట్టుకున్న కత్తి సంగతి మిగిలింది. అదే ఆ కార్బన్ ఒపినెల్. ఎండుటాకులు కోసి కంపోస్టు గుంతలో వేస్తూ పక్కన పెట్టాను, పిడి రంగూ ఆకుల రంగూ ఒకటే. ఆరు నెలల తర్వాత ఎరువు తోడుతుంటే దొరికింది. బ్లేడు సగం తుప్పు, పిడిని చెదలు తిన్నాయి. ఇప్పటిదానికి పిడి చివర సన్న రంధ్రం వేసి ఎర్ర మొలతాడు కట్టాను. మీరూ కొన్న రోజే కట్టేయండి, పది రూపాయలు కూడా కాదు.